వస్తువుల పంపిణీ, అమ్మకం, ప్రకటనల్లో వాడే ఇంగ్లీషు మాటలు: తరచుగా అడిగే ప్రశ్నలు

వ్యాపారపు ఇంగ్లీషులో చిక్కులు పెద్ద పదాల వల్ల రావు. రోజూ వినబడుతూ, తెలిసినట్టే అనిపించే చిన్న పదాల వల్ల వస్తాయి. ఆర్డర్, సేల్, స్టాక్, డిస్కౌంట్ వంటివి తెలుగులో ఎప్పుడో కలిసిపోయాయి కనుక, వాటి అర్థం వెతకాలన్న ఆలోచనే చాలామందికి రాదు. అయితే ఉత్తరంలోనో ఒప్పందంలోనో చేరినప్పుడు, డబ్బు ఎవరు కట్టాలి, దారిలో సరుకు పాడైతే నష్టం ఎవరిది, అమ్ముడుపోనిది ఎవరి దగ్గర మిగులుతుంది అన్న విషయాలను ఆ మాటలే తేలుస్తాయి. కింది జవాబులు ఆ కోణం నుంచి రాసినవి.

మార్కెటింగ్, సేల్స్, అడ్వర్టైజింగ్ మూడూ ఒకటేనా?

కాదు. మార్కెటింగ్‌లో మిగిలిన రెండూ ఇమిడి ఉంటాయి. ఏ వస్తువు తయారు చేయాలి, ఎవరి కోసం చేయాలి, ధర ఎంత పెట్టాలి, ఏ దారిలో వారికి చేర్చాలి, దాని సంగతి వారికి ఎలా తెలియజేయాలి అన్న నిర్ణయాలన్నీ మార్కెటింగ్ కిందికే వస్తాయి. అమెరికన్ ఆచార్యుడు జెరోమ్ మెకార్తీ 1960లో తన పాఠ్యపుస్తకంలో వీటిని ప్రోడక్ట్, ప్రైస్, ప్లేస్, ప్రమోషన్ అనే 4 మాటల్లోకి కుదించాడు. ఇంగ్లీషులో నాలుగూ ఒకే అక్షరంతో మొదలవుతాయి కనుక 'ఫోర్ పీస్' అన్న పేరు స్థిరపడింది. వీటిలో ప్లేస్ దగ్గర కొత్తవారు తరచుగా పొరబడతారు. ఇక్కడ ప్లేస్ అంటే ఊరో దుకాణమో కాదు. వస్తువు కొనేవారి చేతికి చేరే దారి మొత్తం, అంటే పంపిణీ. అలాగే ప్రమోషన్ అంటే ఉద్యోగంలో వచ్చే పదోన్నతి కాదు, వస్తువు గురించి నలుగురికీ తెలిసేలా చేసే ప్రయత్నం.

సేల్స్ అంటే కొనేవారితో నేరుగా మాట్లాడి బేరం ముగించే పని. అడ్వర్టైజింగ్ అంటే పత్రికలో స్థలమో, టీవీలో సమయమో డబ్బు పెట్టి కొని, అక్కడ తమ మాట చెప్పుకోవడం. డబ్బు కట్టకుండానే ఆ వస్తువు గురించి వార్తగా వస్తే అది పబ్లిసిటీ. పబ్లిసిటీ ఖర్చు లేనిది కాబట్టి మంచిదే అనుకోవచ్చు గానీ, అందులో ఏం రాస్తారన్నది మన చేతిలో ఉండదు.

డిస్ట్రిబ్యూటర్, హోల్‌సేలర్, ఏజెంట్, డీలర్, రిటైలర్: వీరిలో ఎవరు ఎవరు?

ఈ మాటలను విడదీసి చూడటానికి ఒకే ప్రశ్న వేసుకుంటే చాలు: సరుకు ఎవరి సొంతం? డిస్ట్రిబ్యూటర్ తన డబ్బుతో సరుకు కొంటాడు. కొన్నాక అది అతనిది, అమ్ముడుపోకపోతే నష్టమూ అతనిదే. ఏజెంట్ సరుకు కొనడు. తయారీదారు తరఫున బేరం కుదిర్చి కమిషన్ తీసుకుంటాడు. అందుకే 'మేము మీ ఏజెంట్‌గా ఉంటాం' అని రాసిన కంపెనీకి, డిస్ట్రిబ్యూటర్ అనుకుని సరుకు పంపి బిల్లు వేస్తే, ఆ బిల్లు తిరిగి వస్తుంది.

హోల్‌సేలర్ కూడా కొని అమ్మేవాడే. కాకపోతే అతను సాధారణంగా ఒక తయారీదారుకు కట్టుబడి ఉండడు, పోటీ కంపెనీల సరుకును కూడా పక్కపక్కనే పెట్టి టోకున అమ్ముతాడు. డిస్ట్రిబ్యూటర్‌కు మాత్రం తయారీదారుతో రాతపూర్వక ఒప్పందం, తనదంటూ ఒక ప్రాంతం, చేరుకోవలసిన అమ్మకాల లక్ష్యం ఉండటం మామూలు. డీలర్ అన్న మాట వాహనాలు, యంత్రాలు వంటి, అమ్మిన తరవాత కూడా మరమ్మతు అవసరపడే వస్తువుల విషయంలో ఎక్కువగా వినబడుతుంది. రిటైలర్ చిల్లరగా, నేరుగా వాడుకునేవారికి అమ్ముతాడు. రిటైల్ అన్న పదం ముక్కగా కోయడం అనే అర్థమున్న పాత ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. పెద్ద మొత్తాన్ని చిన్న ముక్కలుగా చేసి అమ్మడమన్న ఊహ మన 'చిల్లర వర్తకం'లోనూ కనబడుతుంది కాబట్టి, ఇది గుర్తుంచుకోవడం తెలుగువారికి కష్టం కాదు.

'ఆన్ కన్‌సైన్‌మెంట్' అంటే ఏమిటి?

కన్‌సైన్‌మెంట్ అంటే ఒక విడతగా పంపిన సరుకు అని చాలామందికి తెలుసు. కానీ దాని ముందు 'ఆన్' చేరగానే అర్థం మారిపోతుంది. సరుకు దుకాణంలో ఉంటుంది గానీ సొంతదారు పంపినవాడే. అమ్ముడైన దానికే దుకాణదారు డబ్బు చెల్లిస్తాడు, మిగిలినది వెనక్కి ఇచ్చేస్తాడు. 'ది కన్‌సైన్‌మెంట్ హాజ్ అరైవ్డ్' అనే వాక్యం సరుకు చేరిందని మాత్రమే చెబుతుంది. 'వి అక్సెప్టెడ్ ది గూడ్స్ ఆన్ కన్‌సైన్‌మెంట్' అనే వాక్యం ఇప్పుడే డబ్బు రాదని చెబుతోంది.

సోల్ డిస్ట్రిబ్యూటర్, ఎక్స్‌క్లూజివ్ డిస్ట్రిబ్యూటర్: రెండింటికీ తేడా ఉందా?

ఉంది, అది ఖరీదైన తేడా. ఒప్పందాల వాడుకలో సోల్ అంటే ఆ ప్రాంతంలో ఇంకో డిస్ట్రిబ్యూటర్‌ను పెట్టరు, కానీ తయారీదారు తానే నేరుగా అమ్ముకోవచ్చు. ఎక్స్‌క్లూజివ్ అంటే తయారీదారు కూడా అమ్మకూడదు. అయితే ఈ రెండు మాటలను ఒకే అర్థంలో వాడేవారూ ఉన్నారు కాబట్టి, తయారీదారు అమ్మవచ్చా లేదా అన్నది ఒప్పందంలో విడిగా ఒక వాక్యంగా రాయించుకోవడమే క్షేమం.

కస్టమర్, కన్స్యూమర్, క్లయింట్ అన్న మాటల్లో ఏది ఎప్పుడు వాడాలి?

కొనేవాడు కస్టమర్, వాడేవాడు కన్స్యూమర్. పసిపిల్లల సబ్బు కొనేది తల్లి, వాడకం బిడ్డకు. ప్రకటన ఎవరిని ఉద్దేశించి రాయాలన్న చర్చ ఇక్కడే మొదలవుతుంది. డిస్ట్రిబ్యూటర్ కూడా తయారీదారుకు కస్టమరే గానీ కన్స్యూమర్ కాడు. న్యాయవాది, ఆడిటర్, ప్రకటనల ఏజెన్సీ వంటి వృత్తి సేవలు పొందేవారిని క్లయింట్ అంటారు. ఇంకా కొనని, కానీ ఆసక్తి చూపి వివరాలు ఇచ్చిన వ్యక్తి లీడ్. అతనికి అవసరమూ కొనే స్తోమతూ ఉన్నాయని తేలితే ప్రాస్పెక్ట్.

ఎస్టిమేట్, కొటేషన్, ప్రోఫార్మా ఇన్వాయిస్, ఇన్వాయిస్ అన్నీ బిల్లులేనా?

వీటిలో బిల్లు అనదగినది ఇన్వాయిస్ ఒక్కటే. మొదట కొనేవారి నుంచి ఎంక్వయిరీ వస్తుంది. దానికి జవాబుగా ఎస్టిమేట్ పంపితే అది అంచనా. తరవాత కొంత అటూ ఇటూ కావచ్చునని ఇద్దరికీ తెలుసు. కొటేషన్ పంపితే, ఆ ధరకు ఇస్తామని మాట ఇచ్చినట్టే. అందుకే కొటేషన్ చివర 'వ్యాలిడ్ ఫర్ 30 డేస్' వంటి గడువు రాయడం మరిచిపోకూడదు. గడువు లేని కొటేషన్‌ను ఆరు నెలల తరవాత ఎవరైనా తీసి చూపిస్తే ఇబ్బంది పడేది రాసినవారే. ఆ తరవాత కొనేవారు పంపేది పర్చేజ్ ఆర్డర్, సరుకుతో పాటు వెళ్లేది డెలివరీ నోట్, డబ్బు అడుగుతూ వెళ్లేది ఇన్వాయిస్, డబ్బు అందాక ఇచ్చేది రిసీట్.

ప్రోఫార్మా ఇన్వాయిస్ చూడటానికి అచ్చం ఇన్వాయిస్‌లాగే ఉంటుంది. ఇది సరుకు పంపకముందే 'పంపితే బిల్లు ఇలా ఉంటుంది' అని చూపే కాగితం. బ్యాంకులో అనుమతులకో, ముందస్తు చెల్లింపుకో కొనేవారు దీన్ని అడుగుతారు. దీన్ని అమ్మకాల లెక్కలో రాసుకుంటే పద్దు తప్పుతుంది.

ఎఫ్‌ఓబీ, సీఐఎఫ్ అన్న పొడి అక్షరాలు ధర పక్కన ఎందుకు ఉంటాయి?

ఇవి ఇన్‌కోటర్మ్స్ అనే నియమావళిలోని మాటలు. ఇంటర్నేషనల్ చాంబర్ ఆఫ్ కామర్స్ దీన్ని మొదట 1936లో వెలువరించింది. 2020 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన కూర్పులో 11 షరతులు ఉన్నాయి, వాటిలో 4 ఓడ రవాణాకు మాత్రమే వర్తిస్తాయి. ఎఫ్‌ఓబీ, సీఐఎఫ్ రెండూ ఆ నాలుగింటిలోవే.

ఎఫ్‌ఓబీ అంటే ఫ్రీ ఆన్ బోర్డ్. ఇందులోని ఫ్రీకి ఉచితమని అర్థం కాదు. సరుకు ఓడలోకి ఎక్కేవరకు అయ్యే ఖర్చు, బాధ్యత అమ్మేవాడివి, ఆ తరవాత ఓడ కిరాయి, బీమా, నష్టభయం కొనేవాడివి అని. సీఐఎఫ్ అంటే కాస్ట్, ఇన్సూరెన్స్, ఫ్రైట్. ఇక్కడ గమ్యం రేవు దాకా కిరాయి, బీమా అమ్మేవాడే కడతాడు. దీన్ని చూసి, గమ్యం చేరేదాకా సరుకు బాధ్యత అంతా అమ్మేవాడిదే అనుకుంటారు. అది తప్పు. ఖర్చు గమ్యం దాకా అమ్మేవాడిదే అయినా, నష్టభయం మాత్రం బయలుదేరే రేవులో సరుకు ఓడ ఎక్కిన క్షణమే కొనేవాడికి బదిలీ అవుతుంది. నడిసముద్రంలో పెట్టెల్లోకి ఉప్పునీరు చేరితే బీమా కంపెనీ తలుపు తట్టవలసింది కొనేవాడే. పైగా సీఐఎఫ్ కింద అమ్మేవాడు చేయించవలసిన బీమా కనీస స్థాయిది. అంతకు మించి కావాలంటే ముందే అడిగి రాయించుకోవాలి.

ఇంకొక సంగతి ఉంది. అమెరికా దేశీయ వర్తకంలో ఎఫ్‌ఓబీని లారీల్లో వెళ్లే సరుకుకు కూడా వేరే అర్థంలో వాడతారు. కాబట్టి ఈ అక్షరాల తరవాత రేవు పేరు, దాని తరవాత 'ఇన్‌కోటర్మ్స్ 2020' అన్న మాట చేర్చనిదే వాక్యం పూర్తి అయినట్టు కాదు.

మార్జిన్, మార్కప్ ఒకటే లెక్క కదా?

రెండూ లాభాన్నే చూపుతాయి, కానీ శాతాన్ని దేని మీద కడుతున్నాం అన్నదే తేడా. 80కి కొని 100కి అమ్మితే లాభం 20. దాన్ని కొన్న ధర మీద లెక్కిస్తే 25 శాతం, అది మార్కప్. అమ్మిన ధర మీద లెక్కిస్తే 20 శాతం, అది మార్జిన్. 'మాకు 30 శాతం మార్జిన్ కావాలి' అని దుకాణదారు అడిగినప్పుడు, 100కి పడిన వస్తువుకు 30 కలిపి 130 అని చెబితే అతనికి దక్కేది 23 శాతమే. నిజంగా 30 శాతం మార్జిన్ రావాలంటే అమ్మకం ధర దాదాపు 143 ఉండాలి.

డిస్కౌంట్, రిబేట్ మాటల్లో ఏం జాగ్రత్త పడాలి?

డిస్కౌంట్ ఇన్వాయిస్‌లోనే తగ్గుతుంది. రిబేట్ పూర్తి ధర కట్టించుకున్న తరవాత తిరిగి ఇచ్చేది. '20 శాతం, ఆపైన 10 శాతం' అని రెండు డిస్కౌంట్లు ఇస్తే మొత్తం 30 కాదు, 28 శాతమే అవుతుంది, ఎందుకంటే రెండోది మిగిలిన 80 మీద పడుతుంది. ఇన్వాయిస్ మీద '2/10 నెట్ 30' అని కనిపిస్తే, 10 రోజుల్లోపు కడితే 2 శాతం తగ్గింపు, లేకుంటే 30 రోజుల్లోపు పూర్తి మొత్తం కట్టాలని అర్థం. 'రెడ్యూస్డ్ బై 20 పర్సెంట్' అంటే 20 శాతం తగ్గించారు. 'రెడ్యూస్డ్ టు 20 పర్సెంట్' అంటే 20 శాతానికి తగ్గించారు. తెలుగులో 'కి' చేరిక ఎంత పని చేస్తుందో, ఇంగ్లీషులో 'టు' అంత పని చేస్తుంది.

ఫర్ సేల్, ఆన్ సేల్ రెండూ ఒకటేనా?

ఫర్ సేల్ అంటే అమ్మకానికి పెట్టారు, అంతే. ఆన్ సేల్ అంటే బ్రిటిష్ వాడుకలో దుకాణాల్లో దొరుకుతోంది అని, అమెరికన్ వాడుకలో తగ్గింపు ధరకు దొరుకుతోంది అని. ప్రకటనలో ఈ మాట పెట్టేముందు చదివేవారు ఎవరో చూసుకోవాలి. మరో పదానికి ముందు విశేషణంలా వచ్చినప్పుడు సాధారణంగా సేల్స్ అనే రాయాలి: సేల్స్ రిపోర్ట్, సేల్స్ టార్గెట్, సేల్స్ టీమ్. 'సేల్ రిపోర్ట్' అని రాస్తే తగ్గింపు అమ్మకాల గురించిన నివేదిక అనిపించే అవకాశం ఉంది.

'రెండు వారాల్లో పంపుతాం' అన్నది ఇంగ్లీషులో ఎలా రాయాలి?

ఇది నేను దెబ్బ తిన్న చోటు కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. ఉత్తరప్రత్యుత్తరాలు చూసే ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక విదేశీ కొనుగోలుదారుకు 'వి విల్ డెలివర్ ది గూడ్స్ ఇన్ త్రీ వీక్స్' అని రాశాను. మూడు వారాలు దాటకుండా అందుతుందన్నది నా ఉద్దేశం. వారు మూడు వారాలు గడిచాక వస్తుందని అర్థం చేసుకుని, గోదాములో చోటు అప్పటికి కుదుర్చుకున్నారు. సరుకు తొమ్మిదో రోజునే చేరింది. దించుకునే చోటు లేక బయట అద్దెకు పెట్టించవలసి వచ్చింది, ఆ అద్దె మా లెక్కలో పడింది.

తెలుగులో 'వారాల్లో' అన్న ఒక్క మాట రెండు అర్థాలనూ మోస్తుంది. ఇంగ్లీషులో అవి విడిపోతాయి. 'ఇన్ టూ వీక్స్' అంటే సుమారు రెండు వారాలు గడిచాక. 'వితిన్ టూ వీక్స్' అంటే రెండు వారాల లోపు ఏ రోజైనా. 'బై ఫ్రైడే' అంటే శుక్రవారం కల్లా. 'అన్‌టిల్ ఫ్రైడే' అంటే శుక్రవారం వరకు ఆ పని సాగుతూనే ఉంటుంది. కాబట్టి ఆఫర్ 'అన్‌టిల్ ఫ్రైడే' ఉంటుంది, సరుకు 'బై ఫ్రైడే' చేరుతుంది. తేదీని అంకెల్లో మాత్రమే రాయడమూ ప్రమాదమే: 3/4 అని రాస్తే బ్రిటన్‌లో ఏప్రిల్ 3, అమెరికాలో మార్చి 4. నెలను అక్షరాల్లో రాస్తే ఈ గొడవ ఉండదు.

బ్రిటిష్, అమెరికన్ వాడుకల్లో ఇంకా ఏ మాటలు వేరు?

టర్నోవర్ అంటే బ్రిటన్‌లో మొత్తం అమ్మకాల విలువ. అమెరికాలో దాన్ని రెవెన్యూ లేదా సేల్స్ అంటారు. అక్కడ టర్నోవర్ అనగానే ఉద్యోగులు మానేసి కొత్తవారు రావడమో, సరుకు ఎంత వేగంగా అమ్ముడై మళ్లీ నిండుతోందన్నదో గుర్తుకొస్తుంది. 'వి హావ్ ఎ హై టర్నోవర్' అని గొప్పగా రాసుకుంటే, చదివిన అమెరికన్ మీ ఉద్యోగులు నిలవడం లేదని జాలిపడవచ్చు. బ్రిటన్‌లో స్టాక్ అనేదాన్ని అమెరికాలో ఇన్వెంటరీ అంటారు. బ్రిటన్‌లో హోర్డింగ్ అమెరికాలో బిల్‌బోర్డ్.

ప్రకటనల రంగంలో కాపీ అంటే నకలా?

కాదు. ప్రకటనలో కనబడే రాత మొత్తాన్ని కాపీ అంటారు, దాన్ని రాసేవారు కాపీరైటర్. హక్కుకు సంబంధించిన కాపీరైట్ వేరే మాట. తెలుగులో రెండూ ఒకేలా వినబడతాయి కాబట్టి గందరగోళం వస్తుంది. కమర్షియల్ అంటే టీవీలోనో రేడియోలోనో వచ్చే ప్రకటన మాత్రమే; పత్రికలో అచ్చయిన దాన్ని అలా అనరు. కాంపెయిన్ అంటే ఒకే ఉద్దేశంతో, కొంతకాలం పాటు, వేర్వేరు మాధ్యమాల్లో నడిచే ప్రకటనల వరస.

ఈ రంగపు మాటల్లో యుద్ధభూమి వాసన చాలానే ఉంది. కాంపెయిన్ అంటే ముందు సైనిక దండయాత్ర. టార్గెట్ గురి. స్లోగన్ అన్నది స్కాట్లండ్ గేలిక్ భాషలో సైన్యం వేసే కేక. ఇక బ్రాండ్ పశువుల ఒంటి మీద కాల్చి వేసే ముద్ర.

రీచ్, ఇంప్రెషన్స్, సీపీఎం అన్న లెక్కలు ఎలా చదవాలి?

రీచ్ అంటే ప్రకటన ఎంతమంది మనుషులకు చేరింది. ఇంప్రెషన్స్ అంటే మొత్తం ఎన్నిసార్లు కనబడింది. 10,000 మందికి తలా 3 సార్లు కనబడితే రీచ్ 10,000, ఇంప్రెషన్స్ 30,000, ఫ్రీక్వెన్సీ 3. సీపీఎం అంటే 1,000 ఇంప్రెషన్లకు అయ్యే ఖర్చు. చివరి ఎం మిలియన్ కాదు, వెయ్యి అని అర్థమున్న లాటిన్ మాట మిల్లే. ఏజెన్సీ నివేదికలో ఇంప్రెషన్స్ అంకెను పెద్ద అక్షరాలతో వేసి రీచ్‌ను కింద ఎక్కడో పెట్టారంటే, రీచ్ ఎంతో మొదట అడగడం నా అలవాటు.

ప్రకటనలో గొప్పగా చెప్పుకోవడానికి హద్దు ఉందా?

'ప్రపంచంలోకెల్లా రుచికరమైనది' వంటి, ఎవరూ కొలవలేని పొగడ్తను ఇంగ్లీషులో పఫ్ లేదా పఫరీ అంటారు. దాన్ని వాగ్దానంగా ఎవరూ తీసుకోరు. కొలవదగిన మాట చెబితే అది క్లెయిమ్, దానికి రుజువు ఉండాలి. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ పడుతుందో చూపించే పాత దావా ఒకటి ఇంగ్లండులో ఉంది. కార్బాలిక్ స్మోక్ బాల్ అనే సాధనం అమ్మే కంపెనీ, దాన్ని రోజుకు మూడుసార్లు చొప్పున రెండు వారాలు చెప్పినట్టు వాడాక కూడా ఇన్‌ఫ్లుయెంజా వస్తే 100 పౌండ్లు ఇస్తామని ప్రకటించింది. తమ నిజాయితీకి గుర్తుగా 1,000 పౌండ్లు బ్యాంకులో వేశామని కూడా రాసింది. అలాగే వాడిన శ్రీమతి కార్లిల్‌కు జబ్బు చేసింది. అది ఉత్త పఫ్ మాత్రమేనని కంపెనీ వాదించింది. 1892 డిసెంబరులో అప్పీలు కోర్టు ఆ వాదన తోసిపుచ్చి డబ్బు ఇప్పించింది. బ్యాంకులో సొమ్ము వేశామన్న ఆ ఒక్క వాక్యమే, కంపెనీ మాట పొగడ్త కాదనడానికి సాక్ష్యమైంది.

చిన్న మాటల్లోనూ జాగ్రత్త అవసరం. చీప్ అంటే ధర తక్కువ అనే కాదు, నాసిరకం అన్న ధ్వని కూడా వస్తుంది. ప్రకటనల్లో అఫర్డబుల్ వాడతారు. ఎకనామికల్ అంటే ఖర్చు ఆదా చేసేది, ఎకనామిక్ అంటే ఆర్థిక వ్యవస్థకు సంబంధించినది. కాంప్లిమెంటరీలో 'ఐ' ఉంటే ఉచితం, 'ఈ' ఉంటే ఒకదానికొకటి తోడుగా అమరేవి.

పదాలు తెలిసినా వాక్యం అతకడం లేదు. ఏం చేయాలి?

నామవాచకాన్ని ఒంటరిగా కాక, దానితో నడిచే క్రియతో కలిపి నేర్చుకోవాలి. మనం తెలుగులో ఆర్డర్ 'ఇస్తాం'. దాన్ని అలాగే మార్చి రాస్తే ఆజ్ఞాపించినట్టు వినబడవచ్చు. ఇంగ్లీషులో ఆర్డర్‌ను 'ప్లేస్' చేస్తారు, అమ్మేవారు దాన్ని 'ఫుల్‌ఫిల్' చేస్తారు. కొత్త వస్తువును 'లాంచ్' చేస్తారు, కాంపెయిన్‌ను 'రన్' చేస్తారు, గిరాకీని 'మీట్' అవుతారు, బేరాన్ని 'క్లోజ్' చేస్తారు. 'యాన్ ఆర్డర్ ఫర్ 50 బాక్సెస్' సరైనదే, కానీ ఆర్డర్ క్రియ అయినప్పుడు 'ఫర్' పోతుంది: 'వి ఆర్డర్డ్ 50 బాక్సెస్'. డిస్కస్ తరవాత 'అబౌట్' రాదు. జవాబు ఇవ్వండి అనడానికి రివర్ట్ అని రాస్తే, ఆ వాడుక తెలియని దేశాల్లో పాత స్థితికి వెళ్లిపొమ్మన్నట్టు ఉంటుంది. రిప్లై అంటే సరిపోతుంది.

ప్రోడక్ట్, గూడ్స్, మెర్చండైజ్, కమోడిటీ: అన్నీ సరుకే కదా?

సరుకే. గూడ్స్ రవాణా, ఒప్పందాల భాష. వర్తకంలో ఎప్పుడూ బహువచనమే. మెర్చండైజ్ దుకాణంలో అమ్మకానికి పేర్చిన సరుకు, దానికి బహువచనం లేదు. ప్రోడక్ట్ తయారీదారు మాట. కమోడిటీ అంటే ఎవరు అమ్మినా ఒకేలా ఉండే ముడి సరుకు, ధర తప్ప ఎంచుకోవడానికి మరో తేడా లేనిది. అందుకే కొనేవాడు బేరమాడుతూ 'యువర్ ప్రోడక్ట్ ఈజ్ ఎ కమోడిటీ' అన్నాడంటే, మీ సరుకులో ప్రత్యేకత ఏమీ లేదు, ధర దించండి అంటున్నాడని అర్థం.